ఐదూ, ఇంకొకటీ

ఆ వీధిలో అందరూ అతన్ని కత్తెరాయన అంటారు. రెండు కుర్చీలు, రెండు అద్దాలు, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి గోడవారగా ఒక బల్ల, అంతే అతని సెలూన్. ఎంత పెంకి పిల్లవాడైనా అతని చేతికింద కిక్కురుమనకుండా కూర్చుంటాడని పేరు. ఆ పేరు ఒక్క గువ్వ దగ్గరే చెల్లేది కాదు.

గువ్వ అతని కూతురు. ఎనిమిదేళ్ళది. కళ్ళు తెరిచింది మొదలు నిద్రపోయేదాకా వాగుడుకాయ. దానికి ర పలకదు, ల వస్తుంది. ‘ఎదిగేకొద్దీ అదే వస్తుందిలే’ అని వాళ్ళమ్మ అంతగా పట్టించుకోలేదు. ఆవిడ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో పని చేస్తుంది.

ఒక ఆదివారం గువ్వ తలలో పేలు పడ్డాయని కత్తెరాయన దాని జుట్టు చెవుల పైదాకా కత్తిరించేశాడు. అద్దంలో చూసుకుని గువ్వ కుర్చీ మీదే లేచి నిలబడింది. నడుం మీద చేతులు పెట్టుకుంది. ముక్కూ కళ్ళూ ఏకమై కారుతున్నాయి.

“లేపటి నుంచి నువ్వు నాకు నాన్నవి కాదు! నిన్ను పనిలోంచి తీసేస్తున్నాను! జుట్టు పెలిగిందాకా ఇంటికి లావద్దు!”

కత్తెరాయన అప్పటికే ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. నవ్వాపుకోలేకపోతూనే వీడియో తీశాడు. ‘మా యజమానురాలి ఉత్తర్వు’ అని రాసి లోకం మీదికి వదిలేశాడు. నలుగురైదుగురు చుట్టాలు చూసి నవ్వుకుంటారనుకున్నాడు.

మూడు రోజులు తిరిగేసరికి, అతను పుట్టి బుద్ధెరిగాక కత్తిరించిన తలలన్నీ కలిపినా అంతమంది ఉండరు, అంతమంది చూశారు. మొదట్లో ఛాతీ ఉబ్బింది. సెలూన్‌కి వచ్చినవాళ్ళు “ఏమయ్యా, ఉద్యోగం పోయిందటగా” అంటే మురిసిపోయాడు. తర్వాత ఎవరో దానికి డప్పుల మోత కలిపారు. ఇంకెవరో గువ్వ మొహానికి కప్ప కళ్ళు పెట్టారు. ముసలివాళ్ళూ కాలేజీ కుర్రాళ్ళూ నడుం మీద చేతులు పెట్టుకుని, ఆ మాటలకు పెదాలు కలుపుతూ ఏడుపు నటించారు. బడిలో గువ్వకి ‘లేపటి’ అని పేరు పడింది. దారిన పోయే పెద్దవాళ్ళు కూడా గడ్డం పట్టుకుని, “ఏదీ తల్లీ, ఒక్కసారి అను” అనేవారు. వాళ్ళ మనసులో చెడు లేదు. అదే అతనికి ఎటూ పాలుపోని సంగతి. తిట్టడానికి ఒక్కడైనా దొరకడం లేదు.

గువ్వ మాటలు తగ్గించింది. అలిగిందేమో అనుకున్నాడు. ఒకరోజు టీచరమ్మ కబురు పెడితే వెళ్ళాడు.

“మీ అమ్మాయి లెక్కల్లో చురుకైనది కదండీ. ఈమధ్య విచిత్రంగా జవాబు చెప్తోంది. మూడు రెళ్ళు ఎంత అంటే ‘ఐదూ, ఇంకొకటీ’ అంటుంది. ఎందుకలా అంటావంటే తల దించుకుంటుంది.”

అతనికి వెంటనే అర్థం కాలేదు. ఇంటికి వచ్చి గువ్వని గమనిస్తూ కూర్చున్నాడు. కంచం ముందు కూర్చుని కూర అడగలేదు, ‘అది పెట్టు’ అని వేలు చూపించింది. ఎర్ర పెన్సిల్ కావాలంటే ‘నిప్పు పెన్సిల్’ అంది. రేపు అనాల్సిన చోట ‘పొద్దున లేచాక’ అంది. నోట్లోంచి ఒక్క మాట బయటికి రావాలంటే పిల్ల లోపల ఎన్ని మాటలు ఏరి పారేస్తోందో అప్పుడు తెలిసింది. కలిపిన అన్నం ముద్ద కంచంలోనే వదిలేశాడు.

భార్యకి చెప్పాడు. ఆవిడ ఆరిన బట్ట మడతపెడుతున్నదల్లా ఆగింది.

“పిల్ల ఏడుస్తుంటే కళ్ళు తుడవాలనిపించలేదా నీకు? ఫోన్ ఎలా ఎత్తాలనిపించింది?”

“ముద్దొచ్చింది.”

“ముద్దొస్తే ఎత్తుకోవాలి.”

ఆవిడ మళ్ళీ బట్ట మడతపెట్టడం మొదలుపెట్టింది. ఇంకా నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

వీడియో తీసేశాడు. బావమరిదికి ఇలాంటివి తెలుసని పరుగెత్తాడు.

“బావా, నువ్వు తీస్తే నీ దగ్గరే పోతుంది. జనం దాచుకున్నవి ఎవరు తీస్తారు?”

“అడుగుదాం రా. ఒక్కొక్కళ్ళనీ అడుగుదాం.”

బావమరిది జాలిగా చూశాడు. అయినా ఇద్దరూ కూర్చుని కనపడిన ప్రతివాళ్ళకీ రాశారు. కొందరు తీసేశారు. కొందరు నవ్వే బొమ్మ పంపారు. కంపెనీకి ఫిర్యాదు పెడితే, ‘ఈ వీడియో మా నియమాలకు విరుద్ధంగా లేదు, మీ సహనానికి ధన్యవాదాలు’ అని జవాబు వచ్చింది. పోలీస్ స్టేషన్‌లో రాసుకునే ఆయన అంతా ఓపిగ్గా విని, “మొదట పెట్టింది ఎవరు?” అన్నాడు.

“నేనేనండి.”

“మరి కేసు ఎవరి మీద రాయమంటారు?”

ఇంకోరోజు సెలూన్‌లో ఒకాయనకి గడ్డం గీస్తున్నాడు. కత్తి గొంతు దగ్గర ఉంది. వెనక బల్ల మీద కూర్చున్న మనిషి ఫోన్‌లోంచి తన కూతురి ఏడుపు వినిపించింది. డప్పుల మోత, మధ్యలో గువ్వ గొంతు. కత్తెరాయన చెయ్యి గాల్లోకి ఎత్తేశాడు.

“అన్నా, అది ఆపు.”

“ఎంత ముద్దుగా ఉందో చూడన్నా. ఎవరి పిల్లో గానీ...”

“నా పిల్ల.”

“నిజమా!” ఆ మనిషి ఎగిరి గంతేసినంత పని చేశాడు. “అదృష్టవంతుడివయ్యా! ఉండుండు, నీతో ఒక ఫోటో దిగుతాను.”

చేతిలో కత్తి, నురగ అంటిన వేళ్ళు, పక్కన నవ్వుతున్న కొత్త మొహం. కత్తెరాయన ఫోటోలో నిలబడ్డాడు. ఎందుకు వద్దనలేదో అతనికే తెలియదు.

భార్య పనిచేసే ఆసుపత్రిలోనే మాటలు నేర్పే డాక్టరమ్మ ఉంటే తీసుకెళ్ళారు. ఆవిడ నాలుకని అంగిటికి ఎలా తాకించాలో చేసి చూపించింది. గువ్వ పెదాలు బిగించి, గోడ మీద గడియారం చూస్తూ కూర్చుంది. “కొంచెం సాధన చేస్తే వచ్చేసే ర ఇది. నోరు తెరిస్తే కదా నేర్పడానికి” అంది డాక్టరమ్మ మెల్లగా.

చివరికి బడి మార్పించారు. ఊరికి అవతలి కొస, రెండు బస్సులు మారాలి. అక్కడ ఎవరికీ తెలియదని గువ్వకి నచ్చజెప్పారు. మొదటి రోజు పొద్దున గువ్వ తనంతట తనే జుట్టు దువ్వుకుంది. ఎన్నాళ్ళకో గేటు దగ్గర చెయ్యి ఊపింది. కత్తెరాయన సెలూన్ తెరవకుండా ఆ గేటు ఎదురుగానే ఒక మెట్టు మీద కూర్చుండిపోయాడు.

బడి వదిలాక హెడ్మిస్ట్రెస్ అతన్ని చూసి ఎదురొచ్చింది. మొహమంతా నవ్వు.

“చెప్పలేదేమండీ మీరు! తను తరగతిలో అడుగుపెట్టగానే మా పిల్లలు గుర్తుపట్టేశారు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. మీ అమ్మాయికి బిడియం అనుకుంటా, ఒక్కసారి అనమ్మా అని ఎంత బతిమాలినా అనలేదు. అలవాటైతే సర్దుకుంటుందిలెండి.”

అతను గేటు వైపు చూశాడు. “సరేనండి” అన్నాడు.

గువ్వ సంచీ రెండు చేతులా గుండెకి హత్తుకుని వచ్చింది. ఏడవలేదు. ఏడిస్తే ఏం చెయ్యాలో ఇప్పుడు అతనికి తెలుసు. బస్టాపుకి నడిచారు. బస్సు వచ్చింది. కిటికీల వెంట వరసగా మనుషులు, ప్రతి చేతిలో ఒక ఫోన్. గువ్వ అతని చొక్కా అంచు పట్టి వెనక్కి లాగింది.

“ఈ బస్సు వద్దు.”

“తర్వాతది ఎక్కుదామా తల్లీ?”

“వద్దు. నడుద్దాం.”

ఇల్లు చాలా దూరం. ఆ మాట అనలేదు అతను. సంచీ తన భుజానికి తగిలించుకుని, పిల్లని రోడ్డుకి ఇటువైపుకి, గోడ పక్కకి మార్చుకుని నడవడం మొదలుపెట్టాడు. రెండు వీధులు దాటాక దాని కాళ్ళు తడబడ్డాయి. వంగి ఎత్తుకున్నాడు. బరువు తెలిసింది. పొడుగైంది, కాళ్ళు అతని మోకాళ్ళకి తగులుతున్నాయి. గువ్వ మొహాన్ని అతని మెడలో దాచేసుకుంది, దారిలో ఎవరికీ కనపడకుండా.