గంజి లేని గౌన్లు

ఆఖరి గౌను తాడుకి తగిలించేసరికి పెలగేయ వేళ్ళు కొయ్యబారిపోయాయి. నాటకశాల పెరట్లో చలి ఎలా ఉందంటే, తడిబట్ట గాలికి తగలగానే కరకరమంటూ బిగుసుకుపోతోంది. ఆమెకి కావలసిందీ అదే. నాట్యకత్తెల పొట్టి గౌన్లు నడుము చుట్టూ విచ్చుకుని నిలబడాలంటే గంజి పెట్టాలి. ఇవాళ గంజి లేదు. గంజికని ఇచ్చిన బంగాళదుంప పిండి పొద్దున్నే జావైపోయింది.

ఆ సంగతి ఇంకా బయటపడలేదు. బయటపడితే జైలే. యుద్ధకాలంలో సర్కారు పిండి గుప్పెడు తీసినా ఊరుకునేవాళ్ళు కారు. తను చేసింది దొంగతనమో మంచిపనో ఎంత ఆలోచించినా ఆమెకి తేలడం లేదు. అది తేలకపోగా, ఆ జావ తాగిన దర్జీ మాస్టరు గోడవైపు తిరిగి పడుకున్నది కోపంతోనా, కడుపు నిండినందుకా అన్నది ఇంకో చిక్కు.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి పెలగేయ ఉతికినవన్నీ పరాయి బట్టలే. స్నానశాల తువ్వాళ్ళు, కామా నది మీద తిరిగే పడవవాళ్ళ చొక్కాలు. మొగుడు దుంగలతో తెప్పలు కట్టి నదిలో దింపేవాడు. ఒక వసంతకాలంలో తెప్ప విడిపోయింది, మనిషి దుంగల కిందికి పోయాడు. పిల్లల్లేరు. యుద్ధం వచ్చి లెనిన్‌గ్రాడ్ నుంచి ఈ నాట్యమండలి పెట్టెలతో సహా ఊళ్ళోకి దిగితే, మరుసటి ఏడాది ఉతకడానికి మనిషి కావాలంటే వచ్చి చేరి, అక్కడందరికీ పోల్యా అయింది. మొదటిసారి ఆ గౌను చేతికిచ్చినప్పుడు, "ఇది లంగానా, దీపానికి పెట్టే డోమా?" అని అడిగింది. అందరూ నవ్వారు. దర్జీ మాస్టరు యెవ్‌గ్రాఫ్ నీలిచ్ మాత్రం నవ్వలేదు.

మాస్టరు జీవితమంతా ఆ గౌన్లే కుట్టాడు. శత్రువులు లెనిన్‌గ్రాడ్‌ని చుట్టుముట్టిన ముట్టడిలో ఒక చలికాలం ఆకలితో గడిపి, తర్వాత మండలిని వెతుక్కుంటూ వచ్చాడు. ఇక్కడ రొట్టె దొరికినా ఆయన ఒళ్ళు దాన్ని పట్టించుకోలేదు. మణికట్లు పుల్లల్లా, కాళ్ళు మాత్రం నీరుపట్టి దిమ్మల్లా ఉండేవి. దుస్తుల గదిలో కొయ్య బీరువా వెనక మంచం వేసుకుని, పడుకునే కత్తిరించేవాడు. మొదట్లో మంచి జాలీగుడ్డ పొరలు పొరలుగా ఉండేది. అది అయిపోయాక పాత తెరలు చించారు. తెరలూ అయిపోయాక ఆసుపత్రి వద్దన్న కట్టుగుడ్డలొచ్చాయి. మలేరియా మాత్రలు నూరి పసుపు రంగు, గాయాలకి పూసే మందుతో ఆకుపచ్చ రంగు వేసేవారు. ఏడాది తిరిగేసరికల్లా యుద్ధం గౌనులోంచి ఒక పొర ఒలుచుకుపోయేది. పొర తగ్గినకొద్దీ గంజి ఎక్కువ పెట్టమనేవాడు మాస్టరు.

పొద్దున పొయ్యి మీద పిండి కలుపుతుంటే బీరువా వెనక దగ్గు వినిపించింది. తర్వాత ఆ దగ్గు కూడా ఆగిపోయింది. పెలగేయ వెళ్ళి చూసింది. మాస్టరు కళ్ళు తెరిచే ఉన్నాయి, పెదాలు బూడిదరంగులో ఉన్నాయి. ఎలా వెనక్కి వచ్చిందో, కిటికీలో దాచుకున్న పుల్లటి ఎర్రపళ్ళు ఎప్పుడు పిండిలో చిదిమిందో ఆమెకే తెలీదు. రేకు మగ్గు నిండా ఎర్రటి జావ తీసుకెళ్ళి చెంచాతో పట్టింది.

సగం తాగాక ఆయన మూతి బిగించాడు.

"ఎక్కడిదే పోల్యా ఈ పిండి?"

"ఆసుపత్రిలో ఇచ్చారు మాస్టరుగారూ. తాగండి."

"నాకు చెబుతావా? ఇది నా గౌన్ల పిండి. మిగిలింది వాటికే పెట్టు."

అని గోడవైపు తిరిగాడు. మగ్గు పక్కనే పెట్టి వచ్చేసింది.

మధ్యాహ్నం దుస్తుల గది పెద్ద ఫయీనా ల్వోవ్నా పెరట్లోకి వచ్చి, బిగుసుకున్న గౌన్లని గోటితో మీటింది. టంగుమన్నాయి.

"గంజి బాగా పెట్టావే ఇవాళ!" అంది. పెలగేయ తల ఊపింది.

ఆట మొదలయ్యే ముందు చిన్న నాట్యకత్తె తాస్య గౌను తొడుక్కుని కెవ్వుమంది. "పోల్యా పిన్నీ! ఇదేం గౌను, నడుముకి ఐసుగడ్డ కట్టినట్టుంది!"

"గంతులేస్తావుగా, అదే వేడెక్కుతుంది. పో!"

ఇన్నాళ్ళూ పెలగేయ నాట్యం చూడలేదు, ఆ చెమటబట్టలు తప్ప. ఇవాళ భయం ఆమెని తెరపక్కకి లాక్కొచ్చింది. హాల్లో పొయ్యి లేదు. తలలకీ చేతులకీ కట్లున్న సైనికులు కోట్లు విప్పకుండా కూర్చున్నారు. తెల్లటి గౌన్లు వరసగా వచ్చి బల్లల్లా నిలబడ్డాయి. గట్టెక్కానని పెలగేయ ఊపిరి పీల్చుకుంది. కానీ అంతమంది ఊపిరి గదిని నెమ్మదిగా వెచ్చబెట్టింది. ముందు తాస్య గౌను అంచు వంగింది, తర్వాత పక్కపిల్లది. ఆట సగానికి వచ్చేసరికి గౌన్లన్నీ తడిసిన కోళ్ళ రెక్కల్లా తొడలకి అతుక్కుపోయాయి. పిల్లలు మాత్రం ఆగలేదు. హాలు చడీచప్పుడూ లేకుండా చూస్తోంది. అది బాగుందనా, బాగాలేదనా? పెలగేయకి అర్థం కాలేదు. చివర్లో చప్పట్లు మోగాయి. అదీ అర్థం కాలేదు.

ఫయీనా ఆమె చెయ్యి పట్టుకుని మెట్ల కిందికి ఈడ్చుకుపోయింది.

"పిండేం చేశావు?"

"మాస్టరుగారికి జావ కాచాను."

ఫయీనా ముఖం ఎర్రబడి, మళ్ళీ తెల్లబడింది. గొంతు తగ్గించి అడిగింది. "తాగాడా?"

"సగం."

"ఎలుకలు కొట్టేశాయని చెబుతాను. నువ్వూ అదే చెప్పు. ఇంకోసారి చేశావంటే నేనే పట్టిస్తాను." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "వెళ్ళి ఆ మిగతాదీ పట్టు. బతిమాలో, తిట్టో."

పెలగేయ బీరువా వెనక్కి వెళ్ళింది. మాస్టరు గోడవైపే తిరిగి ఉన్నాడు. "మాస్టరుగారూ, జైలు తప్పింది. లేవండి," అంటూ భుజం మీద చెయ్యి వేసింది. భుజం పెరట్లో గౌనులా చల్లగా, బిర్రుగా ఉంది.

మగ్గు స్టూలు మీదుంది. ఆరిపోకుండా దానికి కట్టుగుడ్డ ముక్క ఒకటి గుండ్రంగా కత్తిరించి కప్పి, దారంతో కట్టి ఉంది. ముడి మాస్టరుదే, అలా చిన్నగా ఇంకెవరూ వెయ్యలేరు. విప్పి చూస్తే పొద్దున వదిలిన జావ అలాగే మీగడ కట్టి ఉంది. ఒక్క చెంచా కూడా తగ్గలేదు.

"అయ్యో ముసలాయనా, నీ గౌన్లు తగలెయ్య!" అని పెలగేయ నేల మీద కూలబడి భోరుమంది. ఆయన మీద వచ్చినంత కోపం ఆమెకి జీవితంలో ఎవరి మీదా రాలేదు, దుంగల కింద పోయిన మొగుడి మీద తప్ప.

మనుషులొచ్చి ఆయన్ని దుప్పట్లో మోసుకుపోయారు. మంచం ఖాళీ అయింది. పెలగేయ మగ్గు తీసుకుంది. తాగబోయి, పెదాల దాకా ఎత్తి దించేసింది. పారబొయ్యడానికి తలుపుదాకా వెళ్ళి తిరిగొచ్చింది. చివరికి వేడినీళ్ళు పోసి పలచన చేసి, పళ్ళతొక్కలు వడగట్టి, తాస్య గౌను అందులో ముంచి తీసింది. పొయ్యి దగ్గర బల్ల మీద పరిచి, పొరపొరా విడదీసి వదిలేసింది. తను చేస్తున్నది సరో కాదో ఇప్పుడు అడగడానికి కూడా ఎవరూ లేరు.

తెల్లారి వచ్చి చూసేసరికి గౌను ఆరిపోయి, బల్ల మీద తనంతట తానే నిలబడి ఉంది, అంచుల్లో లేత ఎరుపుతో.