సుభానీ ముక్కు

సుభానీ కారు ఇంజన్‌లోంచి ఆయిల్ పుల్ల బయటికి లాగి, కొసన ఉన్న తడిని వేలితో తీసి, ముక్కు కాడ పెట్టుకుని కళ్ళు మూశాడు. పక్కన ఈపూరు గోపాలరావు, కాన్పు గది బయట నిలబడ్డోడి మాదిరి ఊపిరి బిగబట్టి చూస్తా ఉన్నాడు.

"ఏందంటంది బాబాయ్?"

"ఉండబ్బాయ్. తొందరపెడితే చెప్పదు."

ఎంతసేపున్నా చెప్పదని సుభానీకి తెలుసు. ఆ ముక్కు చచ్చిపోయి నాలుగేళ్ళు.

బతికున్న రోజుల్లో దాని దర్జానే వేరు. వినుకొండలో లారీ ఆయిల్ కారితే నరసరావుపేటలో సుభానీ తుమ్మేవోడు. మాచర్ల బస్సు మలుపు తిరక్కముందే "వెనక ఎడం చక్రం, లోపలి సీలు" అని ఈయన కేకేస్తే, డ్రైవరు బస్సు దిగొచ్చి కాళ్ళు పట్టుకున్నాడు. గురజాల పెళ్ళిలో డేగిసా మూత తియ్యకుండానే బిర్యానీలో ఉప్పు తక్కువన్నాడని వంటోడు అలిగి గరిటె పారేసి పోయాడు. పోయిన మోటారు సైకిలు కోసం పోలీసోళ్ళు ఈయన్ని జీపు ముందర కూర్చోబెట్టుకుని, ఆ ముక్కు ఎటు తిరిగితే అటు స్టీరింగు తిప్పారంట. ఇందులో సగం అబద్ధం. ఏ సగమో సుభానీకే గుర్తులేదు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు పదకొండు రోజులు జరంతో పడుకున్నాడు. పన్నెండో రోజు మడిసి లేచాడు, ముక్కు లేవలా. నెలకి వస్తదనుకున్నాడు. రంజానుకి వస్తదనుకున్నాడు. ఆ తర్వాత అనుకోటం మానేశాడు. చేపల పులుసూ, కిరసనాయిలూ ఒకటే అయినయ్యి. నలభై ఏళ్ళు పక్కన పడుకున్న హజ్రా బీ చీకట్లో మంచం మీద ఉందో లేదో, చెయ్యి పెట్టి తడుముకుంటేగానీ తెలియట్లా.

ఆమెకి గూడా చెప్పలా. ఎట్టా చెప్తాడు? ఊళ్ళో పానా పట్టుకున్నోళ్ళు వందమంది ఉన్నారు. ముక్కున్నోడు ఒక్కడే. ఆ ముక్కు తీసేస్తే ఇంక మిగిలేది మోకాళ్ళ నొప్పులున్న ఒక ముసలోడు.

అందుకని ఒక ఉపాయం పట్టాడు. కారు తెచ్చినోణ్ణి ముందు బయటికి పంపిస్తాడు. మడిసి వాసన తగిలితే తన ముక్కు పనిచెయ్యదంటాడు. ఆడు అటు పోంగానే ఇంజన్ని కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, మొహానికి పూసుకునే పౌడరు పైనంతా పల్చగా చల్లుతాడు. ఇంజన్ ఆడిస్తే, యాడ కారతా ఉందో ఆడ తెల్ల పౌడరు నల్లబడుద్ది. చోటు గుర్తుపెట్టుకుని మొత్తం తుడిచేస్తాడు. ఓనరు వచ్చాక ముక్కు ఎగబీల్చి, గంటసేపు ఆలోచించినోడి మల్లే, వేలు తీసకపోయి సరిగ్గా ఆడ పెడతాడు. జనం చప్పట్లొక్కటే తక్కువ.

నెలకి రెండు డబ్బాల పౌడరు ఖర్చు. పోయిన వారం చొక్కా కాలరు మీద ఆ తెలుపు హజ్రా బీ కంట పడింది.

"ఏమయ్యా, అరవై రెండేళ్ళకి ఎవత్తికి పూస్తా ఉన్నావు ఈ పౌడరు?"

సుభానీ తలొంచుకున్నాడు. నిజం చెప్పేదాని కంటే ఆ నింద మోయటమే తేలికనిపించింది. ఆరోజు నుంచి ఆమె పళ్ళెం పెట్టుద్ది, నీళ్ళు పెట్టుద్ది, మాట మాత్రం పెట్టదు. ఇయ్యాళ్టికి ఆరో రోజు.

"బావమరిది గృహప్రవేశం బాబాయ్," గోపాలరావు గోడు మొదలుపెట్టాడు. "కొత్త గ్రానైటు మీద కారు పెట్టా. భోజనాలై వచ్చేసరికి కింద ఇంత మచ్చ. మా శేషమ్మత్త అందరి ముందర అడిగింది, 'ఏం అల్లుడా, మీ కారుకి ఇంకా పక్క తడిపే అలవాటు పోలేదా?' అని."

"ఎంతమందికి చూపించావు?"

"ముగ్గురికి. ఒకడు కింద ట్రే జాయింటు మార్చాడు. ఇంకోడు పైమూత జాయింటు మార్చాడు. మూడోవోడు టర్బో మొత్తం పీకెయ్యమన్నాడు. నేనన్నా, మా సుభానీ బాబాయ్ ముక్కుండగా పీకేదేందిరా, అని. ఆడేమన్నాడో తెలుసా? ఆ ముసలాయన గనక పట్టుకుంటే నా గ్యారేజీకి తాళమేస్తానన్నాడు."

సుభానీ నవ్వాడు. "సరే, పోయి నీ పనులు చూసుకుని రెండింటికి రా. నువ్వీడుంటే కుదరదు. మిరపకాయల ఘాటు కొడతన్నావు."

గోపాలరావు చొక్కా ఎత్తి వాసన చూసుకున్నాడు. "మిర్చి అమ్మి రెండు నెల్లయింది బాబాయ్! ఇంకా కొడతందా?" అని మురిసిపోతా పోయాడు.

సుభానీ కడిగాడు, ఆరబెట్టాడు, చల్లాడు. అరగంట ఆడించాడు. పౌడరు పెళ్ళికూతురి మొహంలా అట్టాగే ఉంది. ఎక్కడా చుక్క లేదు.

టర్బో బండ్లతో వచ్చిన చిక్కే అది. ఇంజన్ పక్కన నత్తగుల్ల మాదిరి ఒక డబ్బా ఉంటది. బయటికి పోయే పొగ ఊపుకి అందులో చక్రం గిర్రున తిరిగి, ఇంజన్‌లోకి గాలి ఊదుద్ది. ఆ చక్రానికి ఒక సన్నపైపులో ఆయిలు పోతా ఉండాలి. నిలబెట్టి నెమ్మదిగా ఆడిస్తే మచ్చుకైనా కారదు. తొక్కి పరిగెత్తిస్తేనే కారుద్ది. కారినా, ఎదురుగాలికి వెనక్కి జారి యాడో కింద ట్రే కాడ తేలుద్ది. ముగ్గురూ అక్కడే మోసపోయారు.

తొక్కాలి. ఒక ఇటుక తెచ్చి యాక్సిలేటరు మీద ఆనించాడు. ఇంజన్ గుర్రుమంది. అప్పుడే పడమటి వడగాలి లేచింది. ఒక్క విసురుకి పౌడరంతా లేచి రోడ్డు మీదికి పోయింది. ఎదురుగా టీ కొట్టు ఎస్తేరు తలెత్తి చూసింది.

"ఏందన్నా అది, పిండి దులుపుతన్నావా?"

"దుమ్మమ్మా, దుమ్ము!" అని అరిచి సుభానీ షెడ్డుకి సగం దించిన షట్టరు మొత్తం కిందికి లాగేశాడు. వెనక రేకుల సందుల్లో గోనెపట్టలు కుక్కాడు. మళ్ళీ చల్లాడు. ఈసారి గాలి లేదు, చూసే కళ్ళు లేవు. ఆయనా, ఆ ఇంజనూ.

కాసేపటికి రోడ్డు మీద పోయేవోళ్ళకి గూడా వాసన తగిలింది. పొగా, ఆయిల్ మాడిన కమురూ. ఎస్తేరు కొంగు అడ్డం పెట్టుకుంది. టీ తాగే ఆయన, "షట్టరు ఎత్తమని చెప్పకూడదా?" అన్నాడు.

"బాగుంది. సుభానీ అన్నకి నేను చెప్పాలా వాసన సంగతి?" అంది ఎస్తేరు.

లోపల సుభానీకి తల పగులుతా ఉంది. ఎండ అనుకున్నాడు. పొద్దున్న చద్దన్నం సగంలో వదిలేశా, అందుకనే అనుకున్నాడు. టార్చి పట్టుకుని కారు కిందికి పాకాడు. వెల్లకిలా పడుకుని పైకి వెలుగు కొట్టాడు.

కనపడింది.

సన్నపైపు టర్బోలోకి దిగే కాడ, బోల్టు మెడ చుట్టూ, వెంట్రుకంత నల్లగీత. చూస్తా ఉండగానే అది గుండ్రంగా ఉబ్బి కిందికి జారింది. టర్బో కాదు, ట్రే కాదు, మూత కాదు. బోల్టు కింద నలిగిపోయిన రాగి వాషరు. ఇంతే. ముగ్గురు మెకానిక్కులు, ఒక శేషమ్మత్త, చిటికెనవేలి ఉంగరమంత వాషరు.

ఆ బోల్టు చుట్టూ పౌడర్లో వేలితో సున్నా చుట్టాడు. బయటికి పాక్కుంటా వచ్చి, డబ్బాలోంచి కొత్త వాషరు ఏరి, పోకుండా చిటికెనవేలికి తొడుక్కున్నాడు. లేచి ఇంజన్ ఆపాలి. కాళ్ళు మొద్దుబారి ఉన్నయ్యి. టైరుకి ఆనుకుని కాసేపు కూర్చుందామనుకున్నాడు.

గోపాలరావు వస్తే ఎట్టా చెప్పాలి? ఊరికే చూపిస్తే విలువుండదు. ముందు కళ్ళు మూసుకోవాలి. మూడు సార్లు, నిండా, పీల్చాలి. మూడోదానికి వేలు పెట్టాలి. ఒకసారి చేసి చూసుకున్నాడు. కళ్ళు మూశాడు. గుండెల నిండా పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. మూడోది కొంచెం నెమ్మదిగా పీల్చాడు.

రెండింటికి గోపాలరావు, ఎస్తేరు కలిసి షట్టరు ఎత్తారు. ఇంజన్ ఇంకా గుర్రుమంటానే ఉంది. సుభానీ టైరుకి ఆనుకుని, కళ్ళు మూసుకుని, చెప్పబోయేవోడి మాదిరే ఉన్నాడు. వేపచెట్టు నీడకి లాక్కొచ్చి పడుకోబెట్టారు. నీళ్ళు చల్లారు. అప్పటికే ఆలస్యమైంది.

ఊరు ఊరంతా ఒకటే మాట. "ఆ ముక్కుకి పొగ తెలియలేదంటే ఎవరు నమ్ముతారు? షట్టరు దించాడు, సందులకి గోనెలు కుక్కాడు. కావాలనే." గోపాలరావు కారుకి మాత్రం ఎవరో బోల్టు చుట్టూ దుమ్ములో సున్నా చూసి వాషరు మార్చారు, కారటం ఆగిపోయింది. "పోతా పోతా గూడా వాసన పట్టాడు చూడు!" అని దానికొక కథ అల్లారు.

హజ్రా బీ గోడకి ఆనుకుని కూర్చుంది. ఆరు రోజులు. పలకరిస్తే ఏం పోయేది? పౌడరు ఎవరికైతేనేం?

గుసల్, అదే ఆఖరి స్నానం, చేయించేటప్పుడు వేలు ఉబ్బి వాషరు దిగలా. సబ్బు రాసి తీసి ఆమె చేతిలో పెట్టారు. అటూ ఇటూ తిప్పి చూసింది. నలభై ఏళ్ళు మెకానిక్కు పెళ్ళాం.

"కొత్త వాషరు," అంది. "బిగించబోయే ముందే తొడుక్కుంటాడు. చావాలనుకున్నోడు ఇది పెట్టుకుంటాడా? చెప్పండి."

వచ్చినోళ్ళంతా తలూపారు. "నిజమేనమ్మా," అన్నారు. గడప దాటినాక, "కానీ అంత ముక్కున్నోడు..." అనుకుంటా పోయారు.

ఆమె ఇంక ఎవరికీ చూపించలా. కిటికీ గట్టు మీద ఆ వాషరు అట్టాగే ఉంది, ఒక్క బోల్టు గూడా ఎక్కని రాగి, లోపలి అంచున కొంచెం సబ్బు ఎండిపోయి.