శివప్ప అన్న సాకు

తొంభై ఎనిమిదిలో కుప్పంలో మా వీధి పిల్లలందరికీ కుస్తీ కార్డుల పిచ్చి పట్టింది. బబుల్‌గమ్ కొంటే ఒక కార్డు వచ్చేది. దాని మీద ఒక వస్తాదు బొమ్మ, కింద వాడి పొడుగు, బరువు, ఛాతీ. మన కార్డు చూసుకుని "బరువు" అంటే అవతలివాడూ తన వస్తాదు బరువు చెప్పాలి. ఎవరిది ఎక్కువైతే రెండు కార్డులూ వాళ్ళవే. నేను, కల్పనని, జట్టులో ఒక్కతే ఆడపిల్లని. నోరు కూడా నాదే పెద్దది.

మా నాయకుడు శివప్ప. వాళ్ళింట్లో కన్నడం మాట్లాడతారు, విసుగొస్తే వాడి నోట అదే వస్తుంది. కొత్తగా చేరేవాళ్ళు జట్టు డబ్బాలో మంచి కార్డులు వేయాలని వాడి చట్టం.

ఆ ఏడు పెద్దమండ్యం నుంచి ఉమాశంకర్ వచ్చాడు, పెద్దమ్మ ఇంట్లో ఉండి చదువుకోవడానికి. గొర్రెలు మేపుకునే ఇల్లు వాళ్ళది. కుప్పంలో వాడికి స్నేహితుడన్నవాడు లేడు. మా జట్టులో చేరాలని ప్రాణం కొట్టుకుంటోంది.

"ఏమి పెడ్తావు?" అన్నాడు శివప్ప.

ఉమాశంకర్ జేబులోంచి ఒకే ఒక కార్డు తీశాడు, అదీ మధ్యకు చినిగింది. మేము పారేయడానికి పక్కన పెట్టిన చింపిరి కార్డుల కుప్ప ఒకటుంది. శివప్ప దాన్ని ఆ కుప్ప మీదికి విసిరి, చెయ్యి ఊపి, "సాకు" అన్నాడు. కన్నడంలో చాలు అని, అంటే ఇక పొమ్మని.

ఉమాశంకర్ మొహం వెలిగిపోయింది. "సరేప్పా, బాగా సాకతా" అని కుప్పంతా చొక్కాలో వేసుకుని పరుగెత్తాడు. వాళ్ళ వైపు సాకడమంటే పెంచడం. తనకు పని అప్పజెప్పి చేర్చుకున్నామనుకున్నాడు. నాకు నవ్వాగలేదు. పిలిచి చెబుదామంటే శివప్ప అడ్డుపడ్డాడు.

"పోనీలే కల్పనా, పీడ పోయ."

పుంగనూరు జట్టుతో పందెం ఆదివారం. వాళ్ళు బస్సు దిగి వచ్చారు. శివప్ప మూత తీసిన డబ్బాను అరుగు మీద పెట్టి నీళ్ళు తాగడానికి లోపలికి పోయాడు. వచ్చేసరికి పక్కింటి రాములమ్మ మేక మా జట్టునంతా నమిలేసింది. దాని మూతికి ఒక వస్తాదు కాలు ఇంకా వేలాడుతోంది. ఆడలేకపోతే ఓడినట్టే. శివప్పకు ఏడుపొక్కటే తక్కువ. పుంగనూరు వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

"నేను సాకతాండేటివి ఉండాయి. తెచ్చేదా?" అన్నాడు పందెం చూడడానికి వచ్చిన ఉమాశంకర్.

తెచ్చాడు. ప్రతి కార్డునూ మైదాపిండితో అతికించి, వెనక అట్ట వేసి, పుస్తకాల కింద పెట్టి సాపు చేశాడు. పైగా గొర్రెలకు పెట్టినట్టు ఒక్కోదానికి ఒక పేరు.

"వీడు బక్కోడు, బరువు అనద్దు, పొడుగు అను. ఈ గూనోడికి ఛాతీ ఉండాది."

శివప్పకు తల తిరిగి, కార్డులు వాడి చేతికే ఇచ్చాడు. బక్కోడు ముగ్గురిని పడగొట్టాడు. పుంగనూరు నాయకుడు హరీష్ ప్రాణంగా చూసుకునే మెరుపు కార్డును గూనోడు కొట్టాడు. ఆఖరిది, ఉమాశంకర్ మొదటిరోజు తెచ్చిన చినుగు కార్డు. అదీ గెలిచింది. మేమేసిన కేకలకు మేక బెదిరి పారిపోయింది.

"ఈ చింపిరివన్నీ యాల అతికిస్తివి?" అన్నాడు హరీష్.

"శివప్ప చెప్పినాడు గదా. నన్ను చేర్చుకున్న పొద్దే సాకు అన్యాడు."

హరీష్‌కు కన్నడం వచ్చు. పగలబడి నవ్వాడు. "ఒరే, సాకు అంటే..."

ఉమాశంకర్ మా మొహాలు చూశాడు. ఈసారి నాకు నవ్వు రాలేదు.

"మా ఇంట్లో సాకంటే పెంచుకోమనే," అన్నాడు శివప్ప. "నాకే కన్నడం నేర్పిస్తావా నువ్వు?"

ఆ తర్వాత కొత్తగా ఎవరొచ్చి ఏమి పెట్టాలని అడిగినా, శివప్ప చినిగిన కార్డు ఒకటి వాళ్ళ చేతిలో పెట్టి "సాకు" అనేవాడు. తెలుగులో.