నాలుగు లెక్కపెట్టేదాకా

లిఫ్టు మెకానిక్ చెవులకు సెలవంటూ లేదు. పక్క భవనంలో లిఫ్టు దిగుతుంటే తన వంటింట్లో నిలబడి, "నాలుగో అంతస్తు దగ్గర ఏదో అరిగింది" అని చెప్పగలడు. ఎవరూ అడగకపోయినా చెబుతాడు. పాతికేళ్లుగా అతని పని ఒక్కటే, ఉండకూడని చప్పుడు ఎక్కడుందో పట్టుకోవడం, దాన్ని తీసెయ్యడం.

అలాంటి మనిషికి యాభయ్యో పడిలో సంగీతం కట్టే పిచ్చి పట్టింది. గొంతు లేదు, ఏ వాయిద్యమూ చేతకాదు. ఉన్నదల్లా ఒక కంప్యూటరు, దానికి తగిలించిన కీబోర్డు. అటువంటివాళ్ల కోసమే ఆర్కెస్ట్రా శాంపిల్ సాఫ్ట్‌వేర్ అని ఒకటి ఉంటుంది. నిజమైన కళాకారులను కూర్చోబెట్టి, ఒక్కో స్వరాన్నీ విడివిడిగా వాయింపించి, రికార్డు చేసి దాచిపెడతారు. మనం మీట నొక్కితే ఎవరో ఎప్పుడో వాయించిన ఆ స్వరం పలుకుతుంది. పదకొండు నెలలు కుస్తీ పట్టి అతను మూడు నిమిషాల పాట కట్టాడు. దాన్ని ఏ సాఫ్ట్‌వేర్‌తో పలికించాలన్నదే తేలలేదు. ట్రయల్ కోసం రెండు తెచ్చుకున్నాడు, ఒకటి కొత్తది, ఒకటి పాతది. రెండింటి గడువూ ఈ సాయంత్రం ఆరింటికి తీరిపోతుంది. ఇప్పుడు ఐదుంపావు.

కొత్తదానికి వంక పెట్టడానికి లేదు. పాతదానిలో వయొలిన్ మాత్రం ప్రాణం లాగేస్తుంది, కానీ అందులో ఒక లోపం. అన్నిటికన్నా కింది స్వరాన్ని బాగా మెల్లగా పలికిస్తే, అది ఆరిపోయే చోట ఎవరో ఊపిరి వదిలినట్టు వినిపిస్తుంది. ఇంకొకరైతే పట్టించుకోరు. మనవాడు ఊరుకుంటాడా? మొదటి రోజే ఆ కంపెనీకి మెయిల్ రాసి పడేశాడు, ఏ స్వరం, ఎన్నో సెకను అన్న వివరాలతో సహా. అంతటితో ఆగక, ఆ స్వరం జోలికి పోనక్కర్లేకుండా తన పాటనంతటినీ శ్రుతిలో ఒక మెట్టు పైకి ఎత్తేశాడు. ఈ పొద్దున జవాబు వచ్చింది. లోపం చూపినందుకు కృతజ్ఞతలు, ఆ చప్పుడు తీసేశాం, ఈ సాయంత్రం ఆరింటికి అప్‌డేట్ విడుదలవుతుంది, ఇంటర్నెట్ ఉన్న ప్రతి కంప్యూటర్లోనూ దానంతటదే సరైపోతుంది అని. ఆ జవాబును భార్యకు మూడుసార్లు చదివి వినిపించాడు.

"లోపం పోయిందిగా. పాతదే తీసుకోండి, గొడవ వదిలిపోతుంది," అంది ఆవిడ.

"అక్కని ఒకసారి అడిగితే?"

భార్య బట్టలు మడతపెట్టడం ఆపి అతని మొహంలోకి చూసింది.

అక్క ముప్పై ఏళ్లు ఒక పెద్ద ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించింది. మూడేళ్ల కిందట నరం దెబ్బతిని ఎడమ చేతి రెండు వేళ్లకు స్పర్శ పోయింది. అప్పటినుంచీ తమ్ముడింట్లోనే ఉంటోంది. వచ్చిన రోజే వయొలిన్ పెట్టెను అలమర మీదికి ఎక్కించింది. ఇంట్లో సంగీతం వినబడితే తిట్టదు, అరవదు, లేచి వెళ్లిపోతుంది. అంతకన్నా నాలుగు తిట్టినా నయమే. ఇలాంటి సాఫ్ట్‌వేర్లు వచ్చాకే ఆర్కెస్ట్రాలో కుర్చీలు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయని ఒకనాడు భోజనాల దగ్గర తనే అని, కంచం ముందునుంచి లేచిపోయింది. అందుకే అతను ఇన్నాళ్లూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, దొంగతనం చేస్తున్నవాడిలా పాట కట్టాడు.

కట్టింది మాత్రం ఆవిడ కోసమే. లోకం విన్నా వినకపోయినా అతనికి ఒకటే. అక్క ఒక్కసారి చివరిదాకా కూర్చుని వింటే చాలు. మధ్యలో లేచి వెళ్లిపోతే ఇక జన్మలో ఆ కీబోర్డు ముట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

"వదినేమీ కొరకరు. అడగండి," అంది భార్య. "ఆరు దాటాక అడిగి ఏం లాభం?"

అక్క కిటికీ దగ్గర కూర్చుని వీధిలోకి చూస్తోంది.

"అక్కా, ఐదు నిమిషాలు రావా? రెండు చప్పుళ్లు వినిపిస్తాను. ఏది బాగుందో చెప్పు చాలు."

"చప్పుళ్లకి నీకన్నా పెద్ద డాక్టరు ఎవరున్నార్రా?" అంటూనే లేచింది.

కంప్యూటరు ముందు కుర్చీలో ఆవిడను కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పీకేశాడు. అరచేతులు చెమట పట్టి మీటల మీద జారుతున్నాయి. ముందు కొత్తదానితో పై నుంచి కిందికి నాలుగు స్వరాలు పలికించాడు. అక్క కళ్లు తలుపు వైపు తిరిగాయి.

"శుభ్రంగా ఉంది. ఆస్పత్రిలా," అంది. లేవబోతోందని అతనికి అర్థమైంది. గబగబా పాతది తెరిచి అవే స్వరాలు నొక్కాడు.

రెండో స్వరానికి అక్క కదలడం మానేసింది. ఒళ్లో ఉన్న కుడి చెయ్యి, వయొలిన్ కమాను పట్టుకున్నట్టే, కాస్త పైకి లేచింది.

"కిందికి దిగు," అంది. "ఇంకా. ఆఖరిదాకా. మెల్లగా నొక్కాలి."

"అక్కడ ఒక లోపముందక్కా, అది..."

"నొక్కరా!"

నొక్కాడు. స్వరం సన్నగా పలికి, ఆరిపోయింది. ఆ తరువాత ఊపిరి.

"అదే," అన్నాడు కంగారుగా. "నేనే పట్టుకున్నాను. కంపెనీకి రాశాను, ఆరింటికల్లా తీసేస్తున్నారు. ఆ వాయించింది ఎవరోగానీ బొత్తిగా జాగ్రత్త లేని మనిషి."

"నేనే," అంది అక్క.

అతను మీట మీదనుంచి చెయ్యి తీసేశాడు.

"పన్నెండేళ్ల కిందట. గోడలకి పరుపులు కొట్టిన గదిలో పదకొండు రోజులు ఒక్కదాన్నే వాయించాను. కమాను ఎత్తాక నాలుగు లెక్కపెట్టేదాకా కదలకూడదు, ఊపిరి వినబడకూడదు, అదీ రూలు. ఒక్కో స్వరం ఇరవైసార్లు. పై నుంచి మొదలెట్టి కిందికి దిగాం. అది ఆఖరి రోజు ఆఖరి స్వరం. మూడు లెక్కపెట్టాను. హమ్మయ్య, అయిపోయిందనుకున్నాను. ఊపిరి జారిపోయింది."

"రికార్డు చేసేవాళ్లు వినలేదా?"

"లేదు. నేనూ చెప్పలేదు. ఇంటికొచ్చి రెండు రోజులు నిద్రపోలేదు. ఎవరికీ చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నార్లే, అయినా చెప్పుకునే మొహమేది? నా పక్కనున్న వాళ్ల కుర్చీలు పోయాయంటే ఇలాంటి వాటివల్లే. అవి వాయించి ఇచ్చింది నేను. ఇన్నేళ్లూ ఎవడూ పట్టుకోలేదు. చివరికి నువ్వు పట్టుకున్నావు."

అది మెచ్చుకోలో నిష్ఠూరమో అతనికి తెలియలేదు. చెవులు మాత్రం భగ్గుమన్నాయి. ముప్పై ఏళ్లలో అక్క వాయించిందంతా అరవైమంది మధ్యలో కలిసిపోయింది. ఒంటరిగా ఆవిడ వయొలిన్ ప్రపంచంలో మిగిలింది ఇక్కడే. అందులోనూ ఇది అక్కేనని చెప్పగలిగింది ఆ ఊపిరి ఒక్కటి. దాన్ని పీకించెయ్యమని వేడుకున్న మొనగాడు తనే. గడియారం ఐదూ నలభై ఎనిమిది చూపిస్తోంది.

"ఇప్పుడే కొనేసి నెట్ తీసేస్తే మన దగ్గర ఇలాగే ఉండిపోతుంది," అన్నాడు. "ఉంచనా, పోనివ్వనా? నువ్వే చెప్పక్కా."

"తప్పు తప్పేరా. దిద్దుతామంటే వద్దనడానికి నేనెవర్ని?"

గుమ్మంలో మడతపెట్టని చొక్కాతో భార్య నిలబడింది. ఒక నిమిషం ఊరికే పోయింది, ఇంకో నిమిషం పోయింది.

"తీసేసి అక్కడేం పెడతారట?" అంది అక్క హఠాత్తుగా.

"ఏమీ పెట్టరు. ఖాళీ."

అక్క తన ఎడమ చేతి వేళ్లను చూసుకుంది. "ఖాళీయా," అంది. "వద్దు. ఉంచు."

ఇక అతను కంప్యూటరు మీద పడ్డాడు. కొనడానికి నెట్ ఉండాలి. కొన్నాక ఆరింటికి నెట్ ఉంటే అప్‌డేట్ పిలవకుండానే వచ్చి కూర్చుంటుంది. అంటే ఆమోదం రాగానే వైరు పీకెయ్యాలి. మొదటిసారి పాస్‌వర్డు తప్పు కొట్టాడు. రెండోసారీ తప్పే. భార్య డైరీ తెచ్చి ఒక్కో అక్షరమూ చదివింది. ఐదూ యాభై ఏడు. తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది.

"అక్కా, గోడ దగ్గర నీలం వైరు. నేను 'ఇప్పుడు' అనగానే లాగెయ్."

ఆవిడ కుడి చేత్తో బల్ల పట్టుకుని వంగి, ఎడమ చేత్తో వైరు అందుకుంది. "పట్టుకున్నానో లేదో తెలియట్లేదురా!"

"చూసి పట్టుకోండి వదినా, కళ్లున్నాయిగా!" అంది భార్య గుమ్మంలోంచి.

చక్రం ఆగింది. కొన్నందుకు కృతజ్ఞతలు అన్న మాట తెరమీద కనిపించింది.

"ఇప్పుడు!"

వైరు ఊడి వచ్చింది, దానితోపాటు గోడ సున్నం కూడా కాస్త రాలింది. ఐదూ యాభై తొమ్మిది. దానంతటదే అప్‌డేట్ అయ్యే ఏర్పాటును ఆపుకునే వీలు కొన్నాకే వచ్చింది; దాన్ని ఆపేసి, అతను ఆ స్వరం నొక్కాడు. ఊపిరి అక్కడే ఉంది. భార్య చొక్కాతోనే కళ్లు తుడుచుకుంది.

అక్క కుర్చీలో కూలబడింది. "ఇంతకీ దీంతో ఏం వెలగబెడుతున్నావు?"

"ఒక పాట కట్టాను."

"మరి పెట్టు."

పెట్టాడు. మూడు నిమిషాలూ అతను తెర వంకే చూశాడు, అక్క వైపు చూసే ధైర్యం లేక. కుర్చీ చప్పుడు కాలేదు. పాట అయిపోయింది.

"మధ్యలో తొందరపడ్డావు," అంది అక్క. "అది నేర్చుకోవచ్చులే. కానీ ఈ పాట ఉండాల్సింది ఇక్కడ కాదు, ఒక మెట్టు కింద. ఎత్తేశావు కదూ?"

"ఆ స్వరం తగలకూడదని..."

"దించు."

దించి మళ్లీ పెట్టాడు. ఈసారి పాట తన దారిన తాను దిగుతూ వచ్చి, ఆ కింది స్వరం మీద మెల్లగా వాలి, ఆరిపోయింది. అతను మనసులో లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. స్పీకర్లో అక్క ఊపిరి వదిలేసింది. కుర్చీలో అక్క మాత్రం నాలుగో లెక్క కూడా పూర్తయ్యేదాకా బిగబట్టుకుని కూర్చుని, అప్పుడు వదిలింది.