మసి పూసిన రాకెట్టు

నిర్మల్‌లో కొయ్యబొమ్మలకు రంగులేసే నకాషీవాడికి బొమ్మ మీద మచ్చ పడితే ఇంటి పేరు మీద పడినట్టే. అలాంటి ఇంట పుట్టిన నర్సయ్యకు, ఊరుగాని ఊరు, అరబ్బు దేశపు నిజ్వాలో దొరికిన పనేమిటయ్యా అంటే, శుభ్రమైన బొమ్మను మురికి చేయడం! రాత చూడండి.

అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం. అంతకు రెండేళ్ల ముందు ఏజెంటు పెయింటర్ పని అని చెప్పి విమానం ఎక్కించాడు. దిగాక చూస్తే కాగితంలో లేబర్ అని ఉంది. బడి కట్టే సైట్‌లో సిమెంటు కలిపే డ్యూటీ. పొనికి కర్ర చిలకలకు వెంట్రుకంత కుంచెతో కళ్లు దిద్దిన వేళ్లు ఈ రెండేళ్లలో బీటలు వారాయి. పొద్దున లేస్తే పిడికిలి విప్పుకోవడానికే చాలాసేపు పట్టేది. ఇంకో ఏడాది ఇదే పని చేస్తే ఈ వేళ్లలో కుంచె నిలవదని అతనికి తెలుసు. తెలిసి చేసేదేముంది? పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంది.

ఒకరోజు ఇంజినీరు హారిస్ దొర క్యాంపుకు వచ్చి, నర్సయ్య ట్రంకుపెట్టె మీద అతనే గీసుకున్న చిలకను చూశాడు. మర్నాడు ఆఫీసుకు పిలిపించాడు. బల్ల మీద మూరెడు పొడవున బూడిదరంగు ప్లాస్టిక్ ఓడ ఒకటుంది. ఏ దేశమూ ఎగరేయనిది, కథల్లో చుక్కల మధ్య తిరిగేది. దొర మాటలను కడప నుంచి వచ్చిన ఆఫీసు బాయ్ అబ్దుల్ వహాబ్ తెలుగు చేశాడు.

"ఇది ఆకాశంలో నూరేండ్లు తిరిగిన ఓడంటన్నా. కొత్తగా ఉంటే ఎవురు నమ్ముతారంటాండు. మసి, తుప్పు, గీతలు, అన్నీ పెట్టాలంట. మెరుపు మాత్రం వద్దంట. బాగా కుదిరితే మస్కట్ ఆఫీసులో చూపిస్తాడంట. ఆడ కట్టబోయే బిల్డింగులకు చిన్న చిన్న నమూనాలు చేసే రూమ్ ఉండాది. నిన్ను అందులో ఏయిస్తాడంట. సిమెంటు ముట్టే పనే లేదు!"

ఆ రాత్రి నర్సయ్యకు అన్నం సయించలేదు, సంతోషానికి.

డ్యూటీ దిగాక స్టోర్ షెడ్డులో కూర్చునేవాడు. మొదటిసారి ఒళ్లంతా మసి చల్లితే ఓడ కాస్తా అడుగంటిన గిన్నెలా తయారైంది. దొర తల అడ్డంగా ఊపాడు. అప్పుడు నర్సయ్య పోయి, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా కంపెనీ టిప్పర్ చుట్టూ తిరిగి చూశాడు. పొగగొట్టం వెనకాల మసి. బోల్టుల చుట్టూ తుప్పు. చేతులు తగిలే అంచుల్లో లేచిన రంగు. మురికికీ ఒక పద్ధతి ఉందని నలభై ఏళ్లకు తెలిసొచ్చింది.

మెస్‌లో పారేసిన చింతగింజలు ఏరి, వేయించి, నూరి, ఇంట్లో తండ్రి కాచినట్టే జిగురు కాచాడు. దీపం మసి, ఇటుక పొడి, సైట్ ఎర్రమట్టి పంచె గుడ్డతో జల్లించి ఆ జిగురుతో కలిపి కొస కుంచెతో అద్దాడు. ఇంటి దగ్గరైతే పైన వార్నిష్ పూత పడేది. ఇక్కడ మెరుపు వద్దన్నాడుగా దొర! నీళ్లు తగలనంతవరకు ఏమీ కాదులే అనుకున్నాడు.

ఇరవై సాయంత్రాలు అలా గడిచాయి. రూమ్‌లో పక్క మంచం ఇస్తారిది, నిర్మల్ పక్క ఊరే. సాయంత్రం డ్యూటీ వాడిది. "ఏం జేస్తున్నవన్నా?" అని అడిగితే, నర్సయ్య "రాకెట్టుకు రంగులేస్తున్న" అన్నాడంతే. నకాషీవాడు బొమ్మకు మసి పూస్తున్నాడని సొంత తాలూకావాడితో ఎలా చెబుతాడు? సిగ్గుతో చచ్చిపోడూ! ఆ సిగ్గే కొంప ముంచింది.

మంగళవారం దొర భూతద్దం పెట్టి చూసి, నిజం ఓడే అన్నాడు. బుధవారం మధ్యాహ్నం మస్కట్ తీసుకుపోతాడు, శనివారం శాశ్వతంగా తన దేశం వెళ్తాడు. షెడ్డులోకి సిమెంటు బస్తాలు వస్తున్నాయని నర్సయ్య ఓడను తువాలులో చుట్టి రూమ్‌లో మంచం కింద పెట్టాడు.

బుధవారం దసరా.

పన్నెండింటికి నర్సయ్య రూమ్‌కొచ్చేసరికి గడప దగ్గర బకెట్ నిండా ఎర్రటి బురద నీళ్లు. లోపల అగరొత్తుల వాసన. స్టూల్ మీద ఓడ తళతళా మెరుస్తోంది, ముక్కున పసుపు, కుంకుమ బొట్లు, రెక్క మీద జమ్మి ఆకు. పక్కనే తాపీ, పార, నిమ్మకాయ.

"ఎంత మసి వట్టిందన్నా, పాపం!" ఇస్తారి ముఖం వెలిగిపోతోంది. "ఆ షెడ్డుల పెడితె గట్లనే అయితది. పండుగ నాడు మురికి బండికి పూజ జేస్తరా? సబ్బు వెట్టి బ్రష్షుతోని కడిగిన. వాగు పక్క చెట్టు లేదూ, అరబ్బులు గాఫ్ అంటరే, అది మన జమ్మే! తెంపుకొచ్చిన."

కొడదామంటే నర్సయ్యకు చెయ్యి లేవలేదు. ఏమని తిడతాడు? తన ఇంట్లోనైనా దసరాకు ఇదేగా చేసేది!

బయట జీపు హారన్ మోగింది. దొర లోపలికొచ్చి ఓడను చూసి అలాగే నిలబడిపోయాడు. ఏదో అన్నాడు. వహాబ్ తల దించుకుని చెప్పాడు. "ఎవురు చేసినారని అడుగుతాండన్నా."

నర్సయ్య ఇస్తారి వైపు చూశాడు. వాడు చేతులు కట్టుకుని మెప్పు కోసం నవ్వుతూ నిలబడ్డాడు.

"నేనే," అన్నాడు నర్సయ్య. "నాలుగు దినాలియ్యమను వహాబ్. మల్ల జేస్త. నీ కాల్మొక్త, జెర జెప్పు."

వహాబ్ చెప్పాడు. దొర గడియారం చూసుకుని, బొట్లను రుమాలుతో తుడిచి, ఓడను చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. దొర జీపు ఎక్కాక వహాబ్ మెల్లగా అన్నాడు. "మూడుసార్లు మెరుపు వద్దని సెప్పినా ఈ మనిషికి అర్థం కాలేదంటాండన్నా."

దుమ్ము లేచింది. తనకు కావలసిన రంగే అది, ఓడ తోక మీద కూర్చోవలసిన దుమ్ము. నర్సయ్య కళ్లలో పడింది.

"ఏమన్నడన్నా దొర?" ఇస్తారి పరుగున వచ్చాడు.

"మంచిగ కడిగినవన్నడు."

"సూసినవా!" వాడు బీటలు వారిన ఆ అరచేతిలో జమ్మి ఆకు పెట్టి, వేళ్లు మూసి, గట్టిగా కావలించుకున్నాడు. "దసరా బంగారం దీస్కో అన్నా. వచ్చే ఏడు గూడ నేనే కడుగుత!"