తెల్ల చార వైపు కాలు

మా ఇంట్లో నా పేరు తికమక. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, దాన్ని కాలేజీవాళ్ళు తప్ప ఎవరూ వాడరు. కుడి ఏదో ఎడమ ఏదో నాకు చప్పున తట్టదు మరి. పెన్ను పట్టే చెయ్యి ఏదో ఒకసారి ఆడించి చూసుకుంటే గానీ తేలదు. స్కూటర్ నేర్చుకునే రోజుల్లో వెనక కూర్చున్న అక్క "ఎడమకి తిప్పవే" అని అరిస్తే, కుడికి తిప్పి కూరగాయల బండిని గుద్దాను. ఈ పేరు ఆ రోజే పడింది. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ అక్క ఆ కథ చెబుతుంది. చెప్పిన ప్రతిసారీ రోడ్డు మీద దొర్లిన టమాటాలు ఇంకాస్త పెరుగుతాయి. నాకు ఒళ్ళు మండుతుంది. అయినా తను చెబుతుంటే నేనూ నవ్వేస్తాను, అదీ నా ఖర్మ.

డాక్టరీ చదువులో సర్జరీ పోస్టింగ్ వచ్చేసరికి, పోయి పోయి అక్క పనిచేసే యూనిట్‌లోనే పడ్డాను. అక్క అక్కడ సర్జరీ నేర్చుకుంటున్న జూనియర్ డాక్టర్. నేను ఉత్త విద్యార్థిని. ఆసుపత్రి గేటు దాటితే తను నాకు 'మేడమ్', నేను తనకి 'ఏయ్ స్టూడెంట్'. ఆ షరతు అక్కదే. చెల్లెలిని వెనకేసుకొస్తోందని ఎవరూ వేలెత్తి చూపకూడదట.

ఆ యూనిట్ పెద్ద డాక్టర్‌ని మేం చాటున ఉరుము అంటాం. వచ్చిన కొత్తలోనే ఆయన చేతిలో అడ్డంగా దొరికిపోయాను. అందరి ముందూ రోగి గురించి చెబుతూ, కాలేయం వాచిందన్నదాకా బాగానే చెప్పి, దాన్ని తీసుకెళ్ళి ఎడమ వైపు పెట్టాను. "ఈ అమ్మాయికి కత్తి కాదయ్యా, ముందు దిక్సూచి ఇవ్వండి" అన్నాడాయన. బ్యాచ్ అంతా విరగబడి నవ్వింది. "నా థియేటర్లో పట్టుకోమన్నది పట్టుకో. నోరు మాత్రం తెరవకు" అని కూడా అన్నాడు. పోస్టింగ్ పాసవ్వాలంటే ఆయన సంతకం కావాలి. నోటికి తాళం వేసుకున్నాను.

ఆ రోజు ఆపరేషన్ అక్కది. ఇన్నాళ్ళూ తను కోత తెరిచి ఉంచే కొక్కేలు పట్టింది, దారాలు కత్తిరించింది, ఇంకొకరు కోసిన చోట కుట్లు వేసింది. మొదటి గాటు నుంచి చివరి కుట్టు దాకా తన చేత్తో చేసుకునే అవకాశం అప్పుడే వచ్చింది. ఉరుము ఎదురుగా నిలబడి చూస్తాడు. నచ్చితే ఇకమీదట తనకంటూ కేసులు ఇస్తాడు. నచ్చకపోతే, వరసలో వెనకే కాచుకుని ఉన్న ఇంకో జూనియర్‌కి ఇస్తాడు. అక్క పొద్దున్న కాఫీ కూడా తాగలేదు. అమ్మ సంగతి చెప్పక్కర్లేదు, వీధి వీధంతా టముకు వేసేసింది.

రోగి ట్రాఫిక్ కానిస్టేబుల్. ఎండలో నిలబడి నిలబడి ఒక కాలి సిరలు ఉబ్బిపోయాయి. ఈ జబ్బుతో ఒక పేచీ ఉంది. మనిషి నిలబడితే సిరలు మెలితిరిగిన తాడులా పైకి తేలతాయి. పడుకుంటే రక్తం వెనక్కి జారిపోయి కాలు నున్నగా అయిపోతుంది, ఎక్కడ కొయ్యాలో తెలీదు. అందుకే ఆపరేషన్‌కి ముందు మనిషిని నిలబెట్టి, ఉబ్బిన సిరల వెంటే పెన్నుతో గీతలు గీస్తారు. థియేటర్లో ఆ గీతలే దారి.

పొద్దున్న వార్డులో ముందు ఆయన్ని నేనే పరీక్ష చేశాను. మంచం పక్కన కిటికీ. ఆయన ఒక చెయ్యి కిటికీ గట్టు మీద ఆనించి, ఆ వైపు కాలు ముందుకు చాపాడు. గడియారం అప్పుడే విప్పి భార్యకి ఇచ్చాడు. ఎండకి కమిలి నల్లబడిన ఆ చేతి మీద, గడియారం ఉన్నంత మేర తెల్లటి చార మిగిలింది.

"చూడు తల్లీ, నా ఒంట్లో ఎండ తగలని చోటు ఇదొక్కటే" అన్నాడు నవ్వుతూ. "కుడికి పో, ఎడమకి పో అని ఊరందరికీ దారి చూపించా. ఈ కాలేమో ఎటూ పోనంటోంది."

కుడి ఎడమల ఊసెత్తితే నేనేం మాట్లాడతాను? నవ్వి ఊరుకున్నాను. ఇంతలో అక్క వచ్చి, ఆయన్ని అలాగే నిలబెట్టి, తొడ నుంచి చీలమండ దాకా చకచకా గీతలు గీసింది. నాకు ముచ్చటేసింది. అక్క చెయ్యి అంత నిలకడగా ఉంటుంది.

కొంప మునిగింది ఆ తర్వాతే. ట్రాలీ మీద ఆయన్ని థియేటర్ తలుపు దాకా తెచ్చారు. మత్తుకి ముందిచ్చే సూది వార్డులోనే పడింది, అప్పటికే జోగుతున్నాడు. భార్య పక్కనే నడుస్తూ వచ్చింది. దుప్పటి ఎత్తి, "చూడండి డాక్టరమ్మా, శుభ్రంగా రుద్ది తెచ్చాను. స్నానం చేయించి పంపమన్నారుగా. ఎవరో కాలంతా పెన్నుతో పిచ్చిగీతలు గీసేశారు. అలా పంపితే నా పరువేం కాను?" అంది. రెండు కాళ్ళూ అద్దంలా మెరిసిపోతున్నాయి.

అక్క మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. ట్రాలీని లోపలికి తోయించింది. ఆవిడ బయటే ఉండిపోయింది, తలుపు మూసుకుంది.

"ఏ కాలండీ మీది?" అని ఆయన భుజం తట్టింది అక్క. ఆయన కళ్ళు తెరవకుండానే చెయ్యి ఊపి, "పోనివ్వండి, పోనివ్వండి" అన్నాడు. నిద్రలో కూడా డ్యూటీయే.

నిలబెడదామంటే మనిషి తూలుతున్నాడు. లోపల ఉరుము చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. ఆలస్యమైతే ఈ మొదటి కేసు కాస్తా ఇంకో జూనియర్‌కి ఇచ్చేస్తాడు. అక్క ఫైల్ తెరిచి పై కాగితం చూసింది, పెన్ను తీసింది, పడుకున్న కాలి మీద పొద్దున్నటిలాగే గీతలు గీసేసింది. చూస్తుంటే నాకు ఎక్కడో కలుక్కుమంది.

"అక్కా... మేడమ్, ఆ కాలేనా?"

"కాగితంలో కుడి అని ఉందే. నన్ను చంపకు ఇప్పుడు. వెళ్ళి చేతులు కడుక్కో" అంది పళ్ళ మధ్య నుంచి.

కడుక్కున్నాను. తనకి తెలియదా? ఓపీలో ఆయన్ని చూసిందీ తనే, ఆ కాగితం రాసిందీ తనే. కూరగాయల బండిని గుద్దిన దాన్ని నేను. అలా నాకు నేనే సర్దిచెప్పుకుంటూ గౌన్ వేసుకున్నాను.

ఆయనకి పూర్తిగా మత్తిచ్చారు. ఒక కాలికి మందు రంగు పూసి, రెండో కాలిని పచ్చ గుడ్డతో కప్పేశారు. చేతులు రెండూ బల్లకి అటూ ఇటూ చాపి పెట్టారు. నన్ను కప్పిన కాలి వైపు నిలబెట్టారు. ఊరికే నిలబడి ఏం చెయ్యను? పక్కకి చూశాను. నల్లటి మణికట్టు మీద తెల్ల చార.

చార చెయ్యి కిటికీ గట్టు మీద ఉంది. చార వైపు కాలే చాపాడు. దాని మీదే కదా అక్క గీసింది? ఇప్పుడా చార నా పక్కన ఉంది, రంగు పూసిన కాలేమో అవతల ఉంది. కాదులే, నువ్వు తికమకవి కదా, మళ్ళీ చూడు అనుకున్నాను. మళ్ళీ చూశాను. ఇందులో కుడి ఎడమలతో పనే లేదు. చార ఇటు, కాలు అటు. బయటికెళ్ళి భార్యని అడుగుదామంటే, చేతులు కడుక్కుని గ్లవ్స్ వేసుకున్నాక గడప దాటనివ్వరు.

థియేటర్ సిస్టర్ కాగితం చదివింది. పేరు సరిపోయింది. కుడి కాలు. గీతలూ కుడి కాలి మీదే. సరిపోక ఏం చేస్తాయి? కాగితం అక్కదే, గీతలూ అక్కవే.

కత్తి పెట్టేముందు ఉరుముకి ఒక అలవాటు ఉంది. "ఎవరికైనా ఏమైనా అనుమానం ఉందా?" అని అడుగుతాడు. దారిన పోయేవాణ్ణి బాగున్నావా అని అడిగినట్టు అడుగుతాడు. ఎవరూ బదులు చెప్పరు. ఆ రోజూ అడిగాడు. నా నోరు పెగల్లేదు. చెబితే అక్క చేతిలోకి రాబోతున్న కత్తిని నేనే లాక్కున్నట్టు. పొరపాటు నాదే అయితే నా సంతకం గంగలో కలుస్తుంది, అక్క పరువూ పోతుంది. చెప్పకపోతే? పొద్దున్న నాతో నవ్వుతూ మాట్లాడిన మనిషి, లేచేసరికి బాగున్న కాలికి కుట్లు చూసుకుంటాడు.

"కత్తి" అని చెయ్యి చాపింది అక్క.

"ఆగక్కా!"

ఆసుపత్రిలో అందరి ముందూ ఆ పిలుపు నా నోట రావడం అదే మొదలు. అందరూ నా వైపు తిరిగారు.

"ఎవరది?" అన్నాడు ఉరుము.

"నేనే సర్. ఆ కాలు కాదు సర్. రెండోది."

"కుడి కాదా?"

"కుడో ఎడమో నాకు తెలీదు సర్. చార ఉన్న చేతి వైపు కాలు."

మాస్కుల వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "కాలేయాన్ని ఎడమ వైపు పెట్టిన మహాతల్లివి నువ్వే కదూ?" అన్నాడాయన.

"సర్, కాగితంలో కుడి అనే ఉంది" అంది అక్క. "దీనికి చిన్నప్పట్నుంచీ కుడి ఎడమలు రావు సర్. మా చెల్లెలే."

టమాటాల కథ ఒక్కటే తక్కువ. నాకు చిర్రెత్తుకొచ్చింది. భయం కాస్తా ఎటో పోయింది.

"అవును సర్, రావు. అందుకే అవి చెప్పట్లేదు. పొద్దున్న ఆయన ఈ చెయ్యి కిటికీ మీద పెట్టి, ఈ వైపు కాలు చాపాడు. నేను పట్టుకుని చూశాను. బల్ల కాళ్ళ వైపుకి వాల్చండి, సిరలు నిండితే మీకే కనిపిస్తుంది. నాది తప్పయితే మళ్ళీ ఈ గుమ్మం తొక్కను."

"బీపీ పడిపోతుంది సర్" అంది మత్తు ఇచ్చే డాక్టరమ్మ.

"కాస్త చూసుకోండి. వాల్చండి" అన్నాడు ఉరుము.

బల్ల గుర్రుమంటూ వాలింది. తల పైకి, కాళ్ళు కిందికి. రంగు పూసిన కాలి వైపే చూస్తున్నాం అందరం. అక్క గీతల కింద చర్మం నున్నగా ఉంది. ఎంతసేపు చూసినా అలాగే ఉంది. నిండడానికి ఇంకాస్త టైం పడుతుందేమో, నేనే తొందరపడి నోరు జారానేమో అనుకున్నాను.

"ఆ గుడ్డ తియ్యండి."

సిస్టర్ తటపటాయించింది. ఆయనే చెయ్యి వేసి లాగేశాడు. మోకాలి లోపలి పక్క నుంచి కింద దాకా, నల్లగా, లావుగా, ముడులు ముడులుగా సిరలు లేచి ఉన్నాయి. చదువురానివాడికైనా తెలిసిపోతుంది.

ఉరుము ఉరుముతాడనుకున్నాను. ఉరమలేదు. గొంతు బాగా తగ్గించాడు, అదే భయం వేసింది. "గీతలు ఎవరు గీశారు?"

"నేనే సర్" అంది అక్క.

"నిలబెట్టే గీశావా?"

అవునంటే సగం నిజమే. అక్క ఆ సగం చాటున దాక్కోలేదు. "మొదటిసారి నిలబెట్టి గీశాను సర్. కడిగేశారు. రెండోసారి పడుకోబెట్టి, కాగితం చూసి గీశాను. కాగితం ఓపీలో నేనే రాశాను. ఆయన ఎదురుగా కూర్చుని ఉంటే... నా కుడి చేతి వైపున్న కాలిని కుడి అని రాసేశాను."

ఆయన కత్తిని తీసి ట్రేలో పెట్టేశాడు. "గ్లవ్స్ విప్పు. బయటికెళ్ళి ఆయన భార్యకి ఏం జరగబోయిందో చెప్పు. నువ్వే చెప్పాలి."

అక్క నా పక్క నుంచే నడిచి వెళ్ళింది. నా వైపు చూడలేదు. చూసి తిట్టినా బాగుండేది. నాకు కళ్ళు మసకబారాయి, తుడుచుకుందామంటే చేతులు ఖాళీగా ఉన్నా మొహం ముట్టుకోకూడదు.

ఆపరేషన్ ఉరుమే చేశాడు. ఆసాంతం ఆ కాలు ఎత్తి పట్టుకున్నది నేను. మెచ్చుకోలేదు సరికదా, చివర్లో ఒక్కటే మాట అన్నాడు. "అనుమానం ఉందా అని నేను అడిగినప్పుడు చెప్పాలి. కత్తి అడిగాక కాదు." ఆ మాట నిజమే.

సాయంత్రం ఇద్దరం ఒకే బస్సులో వచ్చాం. అక్క కిటికీ పక్కన కూర్చుంది, నేను రెండు వరసల వెనక కూర్చున్నాను. గుమ్మంలోనే అమ్మ ఎదురొచ్చింది. "ఏమ్మా, ఎలా జరిగింది నీ మొదటి ఆపరేషన్?"

అక్క వంగి చెప్పులు విప్పుకుంటోంది. నేను అడ్డుపడ్డాను. "బాగానే జరిగిందమ్మా. పెద్ద డాక్టర్ కూడా..."

"థియేటర్లో కుడి ఎడమ తికమకైందమ్మా" అంది అక్క.

అమ్మ పకపకా నవ్వింది. నా నెత్తి మీద ఒక్కటిచ్చి, "నువ్వున్నచోట అంతేగా! పాపం దాని ఆపరేషన్ చెడగొట్టావటే, తికమకా?" అంది.

నేను నెత్తి రుద్దుకుంటూ చేతిలో సంచి సర్దుకున్నాను.

"తికమకపడింది ఇది కాదమ్మా, నేను" అంది అక్క. "ఇంకో నిమిషం ఆగితే బాగున్న కాలు కోసేసేదాన్ని. ఇది ఆపింది."

అమ్మ మొహం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది, ఏం చేయాలో తెలియనట్టు. అక్క నా చేతిలోంచి సంచి తీసుకుంది. తీసుకుని, నా అసలు పేరు పెట్టి పిలిచింది.

"రా, అన్నం తిందాం" అంది.

అది నన్నే పిలవడమని తెలియడానికి నాకు కాసేపు పట్టింది.