నుదుట బొట్టున్న ఫోను

నేను ఒక పాత మొబైల్ ఫోన్‌ని. ఎంత పాతదాన్నంటే, జేబులో పెట్టుకుని తిరగడానికి ఎవరూ ఒప్పుకోరు, పారేయడానికి ఎవరికీ చేతులు రావు. తెర మీద ఒక మూల పగులు, వీపు ఊడిపోకుండా ఒక రబ్బరు బ్యాండు. బ్యాటరీ సంగతి అడక్కండి. గోడకున్న వైరు నన్ను వదిలితే నేను ప్రాణం వదులుతాను. అయినా కూకట్‌పల్లిలో మా ఆఫీసుకొచ్చి చూడండి, నాకున్న మర్యాద అక్కడ కొత్త ఫోన్లకు లేదు. అది ఊరికే వచ్చిన మర్యాద కాదు.

పుట్టింది పెద్ద ఫ్యాక్టరీలో. తోబుట్టువులు లక్షల్లో ఉన్నారు, అందరిదీ ఒకటే ముఖం. పుట్టీ పుట్టగానే ఆ ముఖానికి ప్లాస్టిక్ కాగితం అంటించి పెట్టెల్లో పడుకోబెట్టారు. నన్ను కొన్నది వీరభద్రం గారు. ఆయన అప్పట్లో నల్లగొండలో పశువుల దాణా అమ్మేవారు. పెళ్లిరోజుకని నన్ను తెచ్చి భార్య రాజ్యలక్ష్మి గారి చేతిలో పెట్టారు. మొదట్లో ఆవిడ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని గానీ నన్ను ముట్టుకునేవారు కాదు. ఆ ముచ్చట తీరాక పోపుల డబ్బాకి ఆనించి, నాలో సీరియల్ పెట్టుకుని దోసెలు పోసేవారు. సీరియల్లో కోడలి ఏడుపు వినిపించిందీ నేనే, దాని ధ్యాసలో దోసె మాడితే తిట్లు తిన్నదీ నేనే.

ఒకసారి ఆవిడ చేయి తగిలి నేనూ, పక్కనున్న చారు గిన్నే కలిసి కిందపడ్డాం. నేను నేల మీద, గిన్నె వీరభద్రం గారి పాదం మీద. ఆవిడ గబుక్కున వంగి నన్ను ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, "హమ్మయ్య, పలగలే" అని ఊపిరి పీల్చుకుని, అప్పుడు ఆయన పాదం వైపు చూశారు. నా జన్మకిది చాలనుకున్నాను. కొత్త ఫోను వచ్చేసరికి ఆ ప్రేమంతా దాని మీదికి మళ్లింది, అది వేరే సంగతి.

అప్పుడే వీరభద్రం గారికి యాప్ పెట్టాలన్న బుద్ధి పుట్టింది. బర్రెకో ఆవుకో జబ్బు చేస్తే రైతు కొట్టంలోంచి కదలకుండా పశువుల డాక్టరుతో మాట్లాడవచ్చు. డాక్టరు గొంతు లౌడ్‌స్పీకర్లో వినిపిస్తూ ఉంటుంది, తెర మీద బొమ్మలుంటాయి. మేత ముట్టకపోతే ఒక బొమ్మ, పొట్ట ఉబ్బితే ఒక బొమ్మ. డాక్టరు అడిగినకొద్దీ రైతు నొక్కాలి. యాప్‌కి 'గంగడోలు' అని పేరు పెట్టి, టిఫిన్ సెంటరు పైన ఆఫీసు తెరిచారు. కోడ్ రాయడానికి తెనాలి కుర్రాడు భార్గవ వచ్చాడు. అతను రాసినదాంట్లో తప్పులు పట్టడానికి జనగామ నుంచి నవనీత వచ్చింది. నన్ను నవనీత బల్ల మీద పెట్టారు, టెస్టింగు ఫోనుగా.

టెస్టింగు ఫోను బతుకంటే ఏమిటో చెప్పనా? ఎవరు ఏం వండినా మొదటి ముద్ద మనకే. ఉప్పు ఎక్కువైనా మింగాలి. నేను మింగలేక బిగుసుకుపోయినప్పుడల్లా నవనీత, "భార్గవా, ఇది పన్జేస్తలేదు" అనేది. "నా ఫోన్లో బానే పనిచేస్తుందిగా!" అనేవాడు భార్గవ. ఆ కుర్రాడు కలలో కూడా ఆ మాటే అంటాడని నా అనుమానం.

యాప్ జనంలోకి వెళ్లబోతోందనగా దసరా వచ్చింది. ఆయుధపూజకి లాప్‌టాప్‌లు, ప్రింటరు, కాఫీ మెషీను అన్నీ కొలువుదీరాయి. దాణా కొట్లో తక్కెడకి ఎంత నిష్ఠగా పూజ చేసేవారో, వీరభద్రం గారు మాకూ అంతే నిష్ఠగా చేశారు. గంధంలో కుంకుమ కలిపి నా నుదుట ఇంత బొట్టు పెట్టారు. భార్గవ మాత్రం తన ఖరీదైన ఫోనుని జేబులోనే దాచుకున్నాడు, గీతలు పడతాయని.

ఇక్కడ నా ఒంటి గుట్టు ఒకటి చెప్పాలి. నా నుదుట, తెరకి పైన, ఒక చిన్న కన్నుంది. మాట్లాడేవాళ్ల చెంప దగ్గరికొస్తే ఆ కన్ను కనిపెడుతుంది, నేను తెర ఆర్పేస్తాను. చెంప తగిలి ఫోను కట్ కాకుండా అదో ఏర్పాటు. వీరభద్రం గారి బొట్టు నేరుగా ఆ కంటి మీద పడి, ఎండి, బిగుసుకుంది. బొట్టు నుదుట కాక ఇంకెక్కడ పెడతారు, పాపం!

పండగ మర్నాడు నవనీత యాప్‌లోంచి డాక్టరుకి ఫోను కలిపింది. నా కంటికి ఎదురుగా ఏదో అడ్డం. చెంపే అనుకుని తెర ఆర్పేశాను. డాక్టరు గొంతు వస్తోంది, బొమ్మలు లేవు. మళ్లీ కలిపింది, మళ్లీ ఆరింది. భార్గవ కోడంతా తిరగేశాడు, బోర్లించాడు, తలప్రాణం తోకకొచ్చింది. తన ఫోన్లో చూస్తే అన్నీ వెలుగుతున్నాయి. సంగతేమిటో అప్పటికి నాకు అర్థమైంది. చెప్పడానికే నోరు లేదు. లౌడ్‌స్పీకరుంది గానీ, అది ఊళ్లోవాళ్ల మాటలకే.

చివరికి భార్గవ, "సార్, పాత ఫోన్లలో ఇది నడవదని ఒక ముక్క రాసి వదిలేద్దామండీ. దీన్ని పాత సామాన్లకి వేసేయండి" అన్నాడు. నా గుండెలో రాయి పడింది.

నవనీత లేచి నిలబడింది. "మా అమ్మ ఫోను గూడ ఇసొంటిదే సార్. మా ఊర్ల అందరియి ఇవే. ఇవి వద్దంటే ఇగ మనం యాప్ ఎవరికి చేస్తున్నం?"

"అర్థమైందమ్మా. కాని ఎన్ని దినాలు ఆగుతం?" అని వీరభద్రం గారు తల గోక్కున్నారు.

"ఆఖరిసారి మీ కళ్లముందే చూపిస్తానండీ" అంటూ భార్గవ నన్ను లాక్కుని, అలవాటుగా టీషర్టు అంచుతో నా ముఖం గట్టిగా తుడిచి ఫోను కలిపాడు. తెర ఆరలేదు. బర్రె బొమ్మలన్నీ నిండుగా వెలుగుతున్నాయి. ముగ్గురూ నోరెళ్లబెట్టారు. భార్గవ టీషర్టు మీద ఎర్రటి మరక చూసుకున్నాడు, నా నుదురు చూశాడు, పడీపడీ నవ్వాడు.

"తప్పు నా కోడ్‌లో లేదండీ! సార్ బొట్టులో ఉంది!"

వీరభద్రం గారు సిగ్గుపడి లెంపలు వేసుకున్నారు. నవనీత ముఖం ఎర్రబడింది. నాకు బతికానన్న సంతోషం కంటే ఆ పిల్ల ఓడిపోయిందన్న బాధే ఎక్కువైంది. ఆమె మాత్రం దేవుడి పటం దగ్గరికి వెళ్లి, కుంకుమ బరిణె తెచ్చి, వేలు తడిపి, బల్ల మీదున్న భార్గవ ఫోను నుదుట బొట్టు పెట్టింది.

"ఏయ్, గీతలు పడతాయ్!"

"ఇప్పుడు జెయ్యి ఫోను."

చేశాడు. అంత ఖరీదైన తెరా నల్లగా ఆరిపోయింది.

"తుడిస్తే పోతుందిగా" అని గొణిగాడు భార్గవ.

"మా అమ్మ పాలు పిండుకుంట ఫోను వడ్తది. చేతికి నురుగుంటది, తవుడుంటది, పెండ ఉంటది. బర్రె కిందవడి కొట్టుకుంటాంటే డాక్టరుకు ఫోన్జేస్తదా, ముందుగాల ఫోనుకు మొకం కడుగుతదా?"

వీరభద్రం గారు దాణా కొట్టు నడిపిన మనిషి, కొట్టంలో ఫోను ఎలా ఉంటుందో ఆయనకి వేరే చెప్పాలా? "లౌడ్‌స్పీకర్ల మాట్లాడేటప్పుడు ఆ కన్ను మూసుకపోయినా తెర ఆరొద్దు. గట్ల రాయి భార్గవా" అన్నారు. భార్గవ మూతి ముడుచుకుని కూర్చున్నాడు గానీ, కాఫీ చల్లారేలోపే రాసేశాడు. తప్పు అతని కోడ్‌లోనే ఉంది.

యాప్ జనంలోకి వెళ్లిన కొన్నాళ్లకి నవనీతకి వాళ్లమ్మ ఫోను చేసింది. నేను పక్కనే ఉన్నాను, అంతా విన్నాను. "బర్రె లేషి నిలవడ్డది బిడ్డా. డాక్టరు చెప్పినట్టే చేసిన. చేతులన్ని పెండనే, అయినా బొమ్మలు మంచిగ కనవడ్డయి." నవనీత ఫోను పెట్టేసి, కళ్లు తుడుచుకుని, నన్ను ఒకసారి చేత్తో నిమిరింది. పోపుల డబ్బా రోజుల తర్వాత నన్నలా ఎవరూ ముట్టుకోలేదు.

ఇప్పుడు నా చోటు దేవుడి పటం కింద, చార్జింగు వైరు పక్కన. యాప్‌లో ఏ మార్పు చేసినా ముందు నాకు బొట్టు పెట్టి చూడాల్సిందే. పెట్టే పని భార్గవది. కొత్తగా ఏదో రాసుకుని హుషారుగా వస్తాడు, "నా ఫోన్లో బానే..." అని మొదలుపెడతాడు, నా వైపు చూస్తాడు, మిగతా మాట మింగేసి కుంకుమ బరిణె అందుకుంటాడు.